బటన్లు అందరివీ బాగానే ఉంటాయి, గ్రిడ్ చూసి ఎంచుకోండి

బెంగళూరు మారతహళ్లిలో, వైట్‌ఫీల్డ్‌లో నలుగురైదుగురు తెలుగువాళ్లు కలిసి నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసును ఊహించుకోండి. ఒక ప్రాజెక్టు గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిర్చి లాట్ల లెక్క. ఇంకోటి విజయవాడ డిస్ట్రిబ్యూటర్‌కు జీఎస్‌టీ బిల్లింగ్. రెండూ రియాక్ట్‌లోనే, అంటే వెబ్ తెరలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీలో. మొదటి మీటింగ్‌లోనే "ఏ విడ్జెట్ లైబ్రరీ వాడదాం?" అన్న ప్రశ్న వస్తుంది (విడ్జెట్ లైబ్రరీ అంటే బటన్లు, ఫారాలు, పట్టికలు లాంటి తెర భాగాలను సిద్ధంగా ఇచ్చే ప్యాకేజీ). డెమో పేజీలో బటన్లు, కార్డులు, రంగులు చూసి ఎంచుకుంటే ఆరు నెలలకు తల పట్టుకోవాలి. బటన్‌ను ఒక్క పూటలో మార్చుకోవచ్చు. ఇలాంటి అప్లికేషన్‌లో మార్చలేనివి రెండే: వరుసలు, కాలమ్‌ల పట్టిక అయిన గ్రిడ్, తేదీ ఎంచుకునే డేట్ పికర్. వాడేవాళ్లు రోజంతా ఉండేది వాటిలోనే కాబట్టి, ఇక్కడ చూస్తున్న ఐదింటినీ ముందు ఆ రెండింటి మీదే తూచాం. ఆ ఐదు ఏజీ గ్రిడ్, ఎంయూఐ, యాంట్ డిజైన్, సింక్‌ఫ్యూజన్, ట్యాన్‌స్టాక్ టేబుల్.

ముందుగా, ఉచితం అన్నచోట ఏది ఎంతవరకు ఉచితమో తేల్చుకోవాలి. దాదాపు అన్ని గొడవలూ ఇక్కడే మొదలవుతాయి.

ఎంయూఐలో బటన్లు, ఫారాలు, డైలాగులు ఎవరైనా వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్స్ కింద ఉచితం. గ్రిడ్ మాత్రం ఎంయూఐ ఎక్స్ అనే వేరే ప్యాకేజీలో ఉంది, దానికి కమ్యూనిటీ, ప్రో, ప్రీమియం లాంటి మెట్లు. కమ్యూనిటీ మెట్టులో ఒక పేజీకి 100 వరుసలు మించవు, ఒకసారికి ఒక కాలమ్ మీదే సార్టింగ్, ఒకే ఫిల్టర్. ఎడమవైపు లాట్ నంబర్ కాలమ్ కదలకుండా నిలబెట్టాలన్నా, కాలమ్‌లను లాగి అటూ ఇటూ మార్చుకోవాలన్నా, అడుగున మొత్తాల వరుసను పిన్ చేయాలన్నా (కదలకుండా నిలబెట్టాలన్నా) ప్రో కొనాలి. ఎక్సెల్ ఎగుమతి, గ్రూపింగ్ ప్రీమియంలో ఉన్నాయి. 'ఈ తేదీ నుంచి ఆ తేదీ వరకు' అని ఎంచుకునే డేట్ రేంజ్ పికర్ కూడా ప్రోలోనే. బిల్లింగ్ రిపోర్టుల్లో అది లేకుండా ఒక్క పేజీ కూడా ఉండదు కాబట్టి, ఎంయూఐ ఉచితం అనుకుని అంచనా వేసినవాళ్లు రెండో నెలకే లైసెన్స్ పేజీ తెరుస్తారు.

ఏజీ గ్రిడ్‌లో గీత ఇంకోచోట ఉంది. దాని కమ్యూనిటీ వెర్షన్ కూడా ఎంఐటీయే. కాలమ్ పిన్నింగ్, కాలమ్ లాగి మార్చడం, ఒకేసారి పలు కాలమ్‌ల సార్టింగ్, గడిలోనే ఎడిటింగ్, పైనా కిందా పిన్ చేసిన వరుసలు, సీఎస్‌వీ (కామాలతో విడదీసిన అక్షరాల ఫైలు) ఎగుమతి అన్నీ అందులోనే వస్తాయి. గ్రూపింగ్, పివట్, ఎక్సెల్ ఎగుమతి, సర్వర్ సైడ్ రో మోడల్ (వరుసలను సర్వర్ నుంచి కొంచెం కొంచెంగా తెచ్చుకోవడం), గడుల గుంపును ఎంచి కాపీ చేయడం డబ్బు కట్టే ఎంటర్‌ప్రైజ్ వెర్షన్‌వి. ఎంటర్‌ప్రైజ్ ప్యాకేజీని లైసెన్స్ కీ లేకుండా వేసినా నడుస్తుంది, కానీ గ్రిడ్ మీద వాటర్‌మార్క్, కన్సోల్‌లో ఎర్ర అక్షరాల హెచ్చరిక కనిపిస్తాయి. ట్రయల్‌లో అదంతా చూసి చూసి అలవాటైపోయి, అలాగే ప్రొడక్షన్‌కు పంపే ప్రమాదం ఉంది. పుల్ రిక్వెస్ట్ (కోడ్ మార్పును చేర్చమనే అభ్యర్థన) చూసేటప్పుడు ఎంటర్‌ప్రైజ్ ఇంపోర్ట్ ఎక్కడైనా దూరిందా అని ఒక లింట్ నియమం (కోడ్‌ను తనంతట తానే తనిఖీ చేసేది) పెట్టుకుంటే మంచిది.

యాంట్ డిజైన్ మొత్తం ఎంఐటీ. టేబుల్‌లో ఫిక్స్‌డ్ కాలమ్‌లు, పలు కాలమ్‌ల సార్టింగ్, అడుగున మొత్తం చూపే సమ్మరీ, రేంజ్ పికర్ అన్నీ ఉచితం. లేనివేవంటే గడిలో ఎడిటింగ్ మీరే రాసుకోవాలి, ఎక్సెల్ ఎగుమతి లేదు. వేల వరుసల కోసం, తెరమీద కనిపించే వరుసలనే గీసే వర్చువల్ అనే ప్రాప్ (సెట్టింగు) 5.9 వెర్షన్‌లో వచ్చింది. దాన్ని వాడాలంటే స్క్రోల్ ఎక్స్, స్క్రోల్ వై రెండింటికీ అంకెలే ఇవ్వాలి. శాతాలు ఇచ్చి 'పనిచేయడం లేదు' అని వెతికేవాళ్లు చాలామంది.

సింక్‌ఫ్యూజన్‌కు చెన్నైలో పెద్ద ఆఫీసే ఉంది. దాని ఎసెన్షియల్ జేఎస్ 2 గ్రిడ్‌లో ఎక్సెల్, పీడీఎఫ్ ఎగుమతులు, గ్రూపింగ్ పెట్టెలోనే వస్తాయి. ఏడాది ఆదాయం 10 లక్షల డాలర్లలోపు, డెవలపర్లు ఐదుగురు లేదా తక్కువ, మొత్తం ఉద్యోగులు పదిమంది లేదా తక్కువ ఉన్న సంస్థలకు కమ్యూనిటీ లైసెన్స్ ఉంది. మన నలుగురైదుగురి ఆఫీసు ఆదాయం ఆ హద్దులోపు ఉంటే ఇందులోకి వస్తుంది. పదకొండో మనిషిని తీసుకున్న రోజు సంగతేమిటో ముందే మాట్లాడుకోండి. ఇంకో మాట, ఈ ఎసెన్షియల్ జేఎస్ 2 కాంపొనెంట్లు టైప్‌స్క్రిప్ట్ కోర్ మీద తొడిగిన రియాక్ట్ తొడుగులు. గడి టెంప్లేట్‌లో రియాక్ట్ స్టేట్ వాడితే అది తాజాగా మారుతోందో లేదో ప్రత్యేకంగా పరీక్షించాలి.

ట్యాన్‌స్టాక్ టేబుల్ హెడ్‌లెస్, అంటే సార్టింగ్, ఫిల్టరింగ్ లెక్కలు అది చేస్తుంది, ఒక్క డివ్ (పేజీలోని పెట్టె) కూడా గీయదు. రూపం పూర్తిగా మీ చేతిలోనే. వర్చువలైజేషన్‌కు ట్యాన్‌స్టాక్ వర్చువల్ అని వేరే ప్యాకేజీ, కీబోర్డు కదలికలు, ఏరియా లేబుళ్లు (చూపులేనివారి స్క్రీన్ రీడర్లకు ఇచ్చే పేర్లు) మీ పని. కాలమ్‌ల నిర్వచనాన్ని రెండర్‌లోపల (తెర గీసేటప్పుడల్లా నడిచే కోడ్‌లో) ప్రతిసారీ కొత్తగా సృష్టిస్తే అంతులేని రెండర్ చక్రంలో పడుతుంది. పాత విలువను గుర్తుంచుకునే యూజ్‌మెమో వాడండి, లేదా నిర్వచనాన్ని కాంపొనెంట్ బయటికి తీయండి. డిజైనర్ ఉన్న జట్టుకు ఇది హాయి. లేని జట్టు దీని జోలికి పోకపోవడమే మేలు.

ఇప్పుడు తెలుగు సమాచారం సంగతి. ఏ డెమోలోనూ ఇది కనిపించదు, రైతు పేర్లు తెలుగులో ఎక్కిన మొదటి రోజే బయటపడుతుంది.

మొదటిది వరుస ఎత్తు. ఒక్క తెరలో ఎక్కువ వరుసలు పట్టాలని ఎత్తు 28 పిక్సెళ్లకు, లైన్‌హైట్ (అక్షరాల పంక్తి ఎత్తు) 1కి తగ్గిస్తే 'లక్ష్మి', 'కృష్ణ' లాంటి పేర్లలో వత్తులు సగానికి తెగుతాయి. ఎంయూఐ డేటాగ్రిడ్‌లో మామూలు ఎత్తు 52, కాంపాక్ట్‌లో 36. తెలుగు ఉన్న కాలమ్‌కు 14 పిక్సెళ్ల అక్షరంతో 36 కంటే దిగకండి, లైన్‌హైట్ 1.5 ఉంచండి.

రెండోది వెతుకులాట. తెలుగులో 'ఫార్మ్‌హౌస్' లాంటి మాటల్లో మకారం పొల్లుకూ హకారానికీ మధ్య కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు వత్తుగా కలవకుండా ఆపేది) ఉంటుంది. ఒకరు దాంతో ఎక్కిస్తారు, ఇంకొకరు అది లేకుండా వెతుకుతారు. పేరు కళ్లముందే ఉన్నా ఫిల్టర్ 'ఏమీ లేదు' అంటుంది. ఏజీ గ్రిడ్ టెక్స్ట్ ఫిల్టర్‌లో టెక్స్ట్‌ఫార్మాటర్ అని ఒక ఫంక్షన్ ఇవ్వొచ్చు. అది గడిలోని విలువకూ టైపు చేసినదానికీ రెండింటికీ వర్తిస్తుంది, ఆ నాన్ జాయినర్‌ను (యూ+200సీ) అక్కడే తీసేయండి. యాంట్ డిజైన్‌లో ఆన్‌ఫిల్టర్ అనే ఫంక్షన్ ఎలాగూ మీరే రాస్తారు. సేవ్ చేసేముందే శుభ్రం చేయాలనిపిస్తుంది కానీ, ఆ అక్షరం తీసేస్తే తెరమీద మాట రూపం మారిపోతుంది. అందుకే వెతకడానికి మాత్రం వేరే కాలమ్ పెట్టుకోవడం ఉత్తమం.

సార్టింగ్ విషయంలో యూనికోడ్ వరుసలో ళ అక్షరం ల పక్కనే, వ కంటే ముందు ఉంది. నిఘంటువుల్లో ళ వచ్చేది హ తర్వాత. కాబట్టి ఉత్త కోడ్ పోలికతో 'కళ్యాణి' ముందు, 'కవిత' వెనక వస్తుంది. 'టీఈ' (తెలుగు) లోకేల్‌తో, భాష క్రమంలో పోల్చే ఇంటల్ కొలేటర్ వస్తువును ఒక్కసారి సృష్టించి, దాని కంపేర్‌ను ఏజీ గ్రిడ్‌లో కంపారేటర్‌గా, ఎంయూఐలో సార్ట్‌కంపారేటర్‌గా, యాంట్‌లో సార్టర్‌గా ఇవ్వండి. ప్రతి పోలికకూ లోకేల్‌కంపేర్ పిలిస్తే పెద్ద జాబితాలో నెమ్మదిస్తుంది. వాడేవాళ్ల బ్రౌజర్లలో పది పేర్లతో క్రమం సరిచూసుకోవడం మరవొద్దు.

టైపింగ్‌లో వచ్చే చిక్కు అన్నిటికంటే మొండిది. విండోస్ ఫొనెటిక్ కీబోర్డుతో 'రామారావు' కొడుతున్నప్పుడు బ్రౌజర్‌కు కీడౌన్ (కీ నొక్కిన) ఈవెంట్లు ఏ కీయో చెప్పని 229 అనే కోడ్‌తో వస్తాయి. మొదటి కీ నొక్కగానే ఎడిటింగ్ మొదలుపెట్టే గ్రిడ్‌లు ఆ మొదటి అక్షరాన్ని మింగేయవచ్చు. పదం ఖరారు చేయడానికి ఎంటర్ కొడితే గడి మూతపడిపోవచ్చు. మీరు రాసే కీబోర్డు హ్యాండ్లర్లన్నిట్లో ఈవెంట్‌కున్న ఈజ్‌కంపోజింగ్ (పదం కూర్పు ఇంకా సాగుతోందా అని చెప్పేది) చూసి, అది నిజమైతే వదిలేయండి. లైబ్రరీ లోపలి ప్రవర్తన కోసం మాత్రం ఒక మనిషిని కూర్చోబెట్టి యాభై పేర్లు కొట్టించాల్సిందే.

ఎంటర్ మాట వచ్చింది కాబట్టి, ట్యాలీకి అలవాటుపడ్డ అకౌంటెంట్ ఎంటర్ కొడితే పక్క గడికి వెళ్లాలని అనుకుంటాడు. ఏజీ గ్రిడ్‌లో ఎంటర్‌కు కిందికి వెళ్లే ఆప్షన్ సిద్ధంగా ఉంది. పక్కకు కావాలంటే సప్రెస్‌కీబోర్డ్‌ఈవెంట్‌లో ఎంటర్‌ను పట్టి, ఎడిటింగ్ ఆపి, ట్యాబ్‌టునెక్స్ట్‌సెల్ పిలవాలి. పది లైన్ల పని. ఆ పదిలైన్లు లేకపోతే మీ సాఫ్ట్‌వేర్ 'బాలేదు' అంటారు, ఎందుకో చెప్పలేరు.

తేదీల్లో భారతదేశపు ప్రత్యేక దెబ్బ ఒకటుంది. డేట్ పికర్ చాలాసార్లు ఇచ్చేది స్థానిక అర్ధరాత్రి. ఏప్రిల్ 1, 2025 అర్ధరాత్రి మన గడియారంలో 00:00 అయితే యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) మార్చి 31 సాయంత్రం 18:30. దాన్ని టూఐసోస్ట్రింగ్‌తో యూటీసీ అక్షరాలుగా మార్చి మొదటి పది అక్షరాలు సర్వర్‌కు పంపితే ఏప్రిల్ 1 బిల్లు మార్చి 31కి జారుతుంది. అంటే ఏకంగా వెనకటి ఆర్థిక సంవత్సరంలోకి పోయి పడుతుంది. పికర్ విలువను సంవత్సరం, నెల, రోజుగా విడగొట్టి అక్షరాలుగానే పంపాలి. యాంట్ పికర్ మామూలుగా సంవత్సరం ముందు చూపిస్తుంది. ఫార్మాట్‌కు ఒక జాబితా ఇస్తే మొదటిది చూపడానికి, మిగతావన్నీ చదవడానికి వాడుతుంది కాబట్టి గీతలతోనూ, చుక్కలతోనూ, ఏమీ లేకుండానూ టైపు చేసుకోనివ్వచ్చు. ఈ చిన్న సౌకర్యం కౌంటర్‌లో కూర్చున్నవాళ్లకు బంగారం.

సీఎస్‌వీ ఎగుమతి ఉచితమే కదా, ఎక్సెల్‌కు డబ్బులెందుకు అనే వాదన వస్తుంది. మిర్చి హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్‌టీలో సరుకు గుర్తు) 0904తో మొదలవుతుంది. సీఎస్‌వీని ఎక్సెల్ నేరుగా తెరిస్తే ముందున్న సున్నా మాయం. 15 అంకెలు దాటిన బ్యాంకు ఖాతా నంబరు చివర సున్నాలవుతుంది. ఫైలు మొదట్లో బీఓఎం (ఇది యూనికోడ్ అని చెప్పే గుర్తు) లేకపోతే తెలుగు పేర్లు పిచ్చి గుర్తులవుతాయి. ఎగుమతి తప్పనిసరి అయి, సింక్‌ఫ్యూజన్ కమ్యూనిటీ లైసెన్స్‌కు మీరు సరిపోకపోతే రెండే దారులు: డబ్బు కట్టడం, లేదా సర్వర్‌లో ఎక్సెల్‌జేఎస్ అనే లైబ్రరీతో ఆ కాలమ్‌లను అక్షరాలుగా నిర్దేశించి అసలైన ఎక్సెల్ ఫైలు తయారుచేయడం. రెండోది రెండుమూడు రోజుల పనే, పైగా లక్ష వరుసలప్పుడు బ్రౌజర్ బిగుసుకుపోదు.

లక్ష వరుసలను బ్రౌజర్‌కు దించడమే తప్పని చాలాసార్లు చెప్పాలి. వర్చువలైజేషన్ ఉన్నా ఒక హద్దు ఉంది. క్రోమ్‌లో ఒక ఎలిమెంట్ ఎత్తు సుమారు 3.35 కోట్ల పిక్సెళ్లు దాటదు, ఫైర్‌ఫాక్స్‌లో సుమారు 1.79 కోట్లు. 40 పిక్సెళ్ల వరుసలు పది లక్షలైతే 4 కోట్లు. సొంతంగా రాసిన వర్చువల్ జాబితాలో అడుగు వరుసలు ఎందుకు రావడం లేదో దీంతో అర్థమవుతుంది. ఏజీ గ్రిడ్ వాడేవాళ్లు ప్రతి వరుసకూ గుర్తు చెప్పే గెట్‌రోఐడీ ఇవ్వడం మరవకండి. అది లేకపోతే కొత్త డేటా వచ్చిన ప్రతిసారీ ఎంపికలు పోతాయి.

రెండు లైబ్రరీలు కలిపి వాడదామనే ఆలోచన వస్తుంది. ఏజీ గ్రిడ్‌తో యాంట్ పొసుగుతుంది. కానీ ఎంయూఐ డైలాగ్‌లో యాంట్ సెలెక్ట్ (ఎంపికల జాబితా) పెడితే జాబితా డైలాగ్ వెనక దాక్కుంటుంది, ఎందుకంటే డైలాగ్ జెడ్‌ఇండెక్స్ (ఏది పైన కనిపించాలో చెప్పే అంకె) 1300, సెలెక్ట్ పాపప్‌ది 1050. అది సరిచేసినా డైలాగ్ ఫోకస్‌ను బయటికి వదలదు, సెలెక్ట్‌లో టైపు చేయనివ్వదు. గెట్‌పాపప్‌కంటైనర్‌తో పాపప్‌ను డైలాగ్ లోపలే గీయిస్తే రెండూ తీరతాయి.

రియాక్ట్ బదులు యాంగ్యులర్ వాడే జట్లకు ఏజీ గ్రిడ్, సింక్‌ఫ్యూజన్ రెండూ దొరుకుతాయి, వ్యూకు కూడా. ఎక్స్ట్ జేఎస్ అనే పాత లైబ్రరీ ఇప్పటికే నడుస్తున్నచోట దాన్ని కదపనక్కర్లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం దాని జీపీఎల్ లైసెన్స్ షరతులను వకీలుకు చూపించాలి. హ్యాండ్సన్‌టేబుల్ అనే గ్రిడ్ పాత ట్యుటోరియళ్లలో ఎంఐటీ అని కనిపిస్తుంది, 2019లో 7వ వెర్షన్‌తో అది మారింది.

మా ఎంపిక: గడిలో ఎడిటింగ్ ఎక్కువ ఉన్న కోల్డ్ స్టోరేజీ పనికి ఏజీ గ్రిడ్ కమ్యూనిటీ, ఫారాలకూ తేదీలకూ యాంట్. రిపోర్టులే ప్రధానమైన బిల్లింగ్‌కు, ఉద్యోగులు పదిమందిలోపే ఉంటే, సింక్‌ఫ్యూజన్. ఎంయూఐ ప్రో కొనే బడ్జెట్ మొదటి రోజే ఉంటే అదీ మంచిదే.

ఖాయం చేసేముందు రెండు రోజుల ట్రయల్ పెట్టండి. 25 కాలమ్‌లు, 50,000 వరుసలు, సగం పేర్లు తెలుగులో. 1366 బై 768 తెర ఉన్న 4 జీబీ ల్యాప్‌టాప్ మీద నడపండి, మీ మ్యాక్‌బుక్ మీద కాదు. క్రోమ్ పెర్ఫార్మెన్స్ ప్యానెల్‌లో సీపీయూను నాలుగు రెట్లు నెమ్మది చేసి స్క్రోల్ చేయండి. మౌస్ పక్కన పెట్టి ఒక బిల్లు పూర్తిగా కీబోర్డుతో ఎక్కించండి. రియాక్ట్ 19 మీద ఉంటే అందులో తొలగించిన ఫైండ్‌డామ్‌నోడ్ ఫంక్షన్ వాడే పాత కాంపొనెంట్లు విరుగుతాయి, యాంట్ 5కు వేరే ప్యాచ్ ప్యాకేజీ వేయాలి. లాక్‌ఫైల్ (ప్యాకేజీల వెర్షన్లను బిగించే ఫైలు) కమిట్ చేయండి, అయితే అదే రక్ష అనుకోకండి. 2018 డిసెంబర్ 25న యాంట్ డిజైన్ బటన్ల మీద క్రిస్మస్ అలంకారంగా మంచు పేరుకుంది. ఆ కోడ్ నెలల ముందే విడుదలైన వెర్షన్‌లో కూర్చుని తేదీ కోసం కాచుకుంది, వెర్షన్ బిగించుకున్నవాళ్లకూ మంచు కురిసింది.