సినత్రా ఇల్లా, బాబ్ హోప్ ఇల్లా: ఏది మేలు?

హాలీవుడ్ తారలు నాలుగు రోజులు ఖాళీ దొరికితే కాలిఫోర్నియా ఎడారిలోని పామ్ స్ప్రింగ్స్‌లో వాలిపోయేవారు. అక్కడ వాళ్లు కట్టించుకున్న ఇళ్లలో రెండింటి మధ్య నా మనసు ఊగుతూ ఉంటుంది. ఒకటి గాయకుడు ఫ్రాంక్ సినత్రా 1947 నాటి ఇల్లు. రెండోది హాస్యనటుడు బాబ్ హోప్ ఇల్లు. కట్టడం మొదలైంది 1970లలో కాబట్టి దీన్ని ఇరవయ్యో శతాబ్దం నడిమి కాలపు ఆధునిక నిర్మాణ శైలికి కొసరు అనుకోవాలి.

సినత్రా మొదట అడిగింది స్తంభాలతో కూడిన జార్జియన్ (పాత ఇంగ్లిష్ శైలి) భవంతి. పైగా క్రిస్మస్ నాటికి పూర్తి కావాలన్నాడు. వాస్తుశిల్పి స్టూవర్ట్ విలియమ్స్‌కు ఇల్లు కట్టే పని అదే మొదటిది. ఎడారిలో జార్జియన్ భవంతి ఏమిటని లోపల గింజుకున్నాడేమో గానీ, అడిగిన బొమ్మ గీసి, పక్కనే తన ఆలోచన ప్రకారం ఇంకొకటి గీసి పెట్టాడు. సినత్రా ఆ రెండోదే ఎంచుకున్నాడు. అక్కడే నాకు ఆయనంటే గౌరవం పెరిగింది.

ఒకే అంతస్తు, సుమారు 4,500 చదరపు అడుగులు, నాలుగు పడక గదులు. అద్దాల తలుపు పక్కకు జరిపితే ఎదురుగా పియానో ఆకారంలో ఈత కొలను. దాని పక్కనున్న నడవా కప్పుకు సందులు వదిలారు. ఎండ వాలినప్పుడు ఆ సందుల్లోంచి వెలుగూ నీడా చారలుగా నేల మీద పడి అచ్చం పియానో మీటల్లా కనిపిస్తాయి. పాటగాడి ఇంటికి ఇంతకన్నా అలంకారం ఏం కావాలి! స్నానాల గదిలో పగిలిన సింకు ఒకటి ఉంది. నటి ఏవా గార్డ్‌నర్‌తో గొడవలో విసిరిన షాంపేన్ సీసా దానికి తగిలిందని చెప్పుకుంటారు.

హోప్ ఇల్లు వేరే లోకం. వాస్తుశిల్పి జాన్ లాట్నర్ గీసిన ఆ కొండ మీది కట్టడం 23,600 చదరపు అడుగులు. ఊడ్చేవాళ్ల నడుములు తలచుకుంటేనే జాలేస్తుంది. అగ్నిపర్వతంలా ఎగసిన కప్పుకు నడిమధ్య ఆకాశంలోకి తెరుచుకున్న గుండ్రటి ఖాళీ ఉంది. మన మండువా లోగిలి గుర్తుకొస్తుంది, కాకపోతే రాక్షస ప్రమాణంలో. నమూనా చూసి హోప్, అంగారకుడి నుంచి ఎవరైనా దిగితే ఎక్కడికి రావాలో వాళ్లకు తెలుస్తుందని జోకు వేశాడట. కడుతుండగా 1973లో మంటలంటుకున్నాయి. పూర్తయ్యేసరికి ఆ దశాబ్దం గడిచిపోయింది. లోపలి అలంకరణలో హోప్ భార్య డొలోరెస్ మార్పులు చేయించడంతో లాట్నర్ ఆ పనికి దూరం జరిగాడు.

వందల మందికి విందు ఇవ్వాలంటే, కింద ఊరంతా కనబడాలంటే హోప్ ఇంటికి సాటి లేదు. నన్ను మాత్రం ఉండమంటే సినత్రా ఇల్లే. అక్కడ మంచం దిగి పది అడుగులు వేస్తే నీళ్లలో కాళ్లు పెట్టుకోవచ్చు.