ఊరి నడక, సైకిల్ దారికి ఏది మేలు: మొరమా, సిమెంటా, పేవర్లా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు ఊళ్లలో నలుగురు కలిసి ట్రస్టు పెట్టి, నడకకూ సైకిళ్లకూ దారి వేయాలనుకుంటే మొదట తెగాల్సిన మాట ఒకటే: పైన ఏం పరవాలి? ఊళ్లో సీసీ రోడ్డు రోజూ కళ్లెదుట ఉంటుంది కాబట్టి ఎక్కువమంది సిమెంటే అంటారు. పొలం గట్ల మీదుగా, గెడ్డలు (వాగులు) దాటుకుంటూ కొండ అంచున పోయే దారికి మాత్రం లెక్క వేరు.

కిలోమీటరు పొడవు, మీటరున్నర వెడల్పు, 10 సెంటీమీటర్ల మందం ఉన్న దారినే తీసుకుందాం. సిమెంటు అయితే 150 ఘనమీటర్ల కాంక్రీటు పడుతుంది. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో కలిపితే ఘనమీటరుకు 8 బస్తాల చొప్పున 1200 బస్తాల సిమెంటు. మొరం (ఎర్ర కంకర మట్టి) అయితే అడుగున 7.5 సెంటీమీటర్లు మొరం, పైన 2.5 సెంటీమీటర్లు క్రషర్ డస్ట్ (రాళ్లు పిండి చేసే మిల్లు పొడి). దిమ్మిస వేశాక ఈ మందం నిలవాలంటే వదులుగా పోసేటప్పుడు పాతిక, ముప్పై శాతం ఎక్కువ పోయాలి. వంద ఘనపుటడుగుల ట్రాక్టర్ ట్రాలీతో మొరం 50 లోడ్లు, డస్ట్ 17, 18 లోడ్లు. పేవర్లు అయితే 20 బై 10 సెంటీమీటర్ల సిమెంటు దిమ్మెలు చదరపు మీటరుకు 50, అంటే మొత్తం 75,000. రెండు పక్కలా కలిపి రెండు కిలోమీటర్ల కెర్బు రాయి (దిమ్మెలు జరగకుండా పట్టే అంచు రాయి) అదనం.

పేవర్ల సంగతి ఇక్కడే తేల్చేయొచ్చు. అవి బడి ముంగిటికీ బస్టాపు దగ్గరకీ బాగుంటాయి. దిమ్మెల కింద మూడు నాలుగు సెంటీమీటర్ల ఇసుక ఉంటుంది. కెర్బు ఒక్కచోట వదులైనా, వాన నీరు అంచు కిందకు దూరినా ఆ ఇసుక కొట్టుకుపోతుంది. ఇక దిమ్మెలు పక్కకు జరిగి, సందుల్లో సైకిల్ ముందు చక్రం ఇరుక్కుంటుంది. చెట్ల నీడలో నాచు పట్టి జారుతాయి కూడా. ఊరవతలి దారికి అవి వద్దు.

మిగిలింది సిమెంటు, మొరం. సిమెంటు గట్టిదే, అందులో అనుమానం లేదు. అయితే అది పగిలేది పైనుంచి కాదు, కిందనుంచి. దారి పల్లపు అంచు కింద మట్టి కోసుకుపోతే 10 సెంటీమీటర్ల పలక గాల్లో నిలుస్తుంది. ఆ తర్వాత పశువుల మందో, ఒక్క ట్రాక్టరో ఎక్కితే విరుగుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగిపడేంతగా కురిసింది. అలాంటి వానకు ఏ దారైనా కొంత పోతుంది. మొరం దారి పోతే పదిమంది పార, తట్ట పట్టుకుని రెండు మూడు రోజుల్లో పూడ్చుకోగలరు. సిమెంటు పలక విరిగితే పగలగొట్టి, ఎత్తి పారేసి, మళ్లీ పోయించాలి. ఏటేటా చందా కూడదీసుకునే ట్రస్టుకు ఈ తేడాయే అసలు లెక్క. ట్రస్టు దగ్గర చేతులు ఎప్పుడూ ఉంటాయి, డబ్బు ఉండేది ఎప్పుడో ఒకసారి.

పాదాల మాటా చూడాలి. ఈ పల్లెల్లో కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని చెప్పుల్లేకుండా నడిచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మే నెల మధ్యాహ్నం సిమెంటు మీద అరికాలు ఆనించలేం. అలాగని మొరం పైన 20 మి.మీ. చిప్స్ చల్లి వదిలేస్తే అవీ గుచ్చుకుంటాయి. అందుకే పైపొరకు 6 మి.మీ. లోపు డస్టే వాడాలి.

మొరంలో పెద్ద చిక్కు నాణ్యత. ఈ తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే ఖోండలైట్ రాయి వానకూ ఎండకూ మెత్తబడి బంకమన్ను అవుతుంది. ఆ బంకమన్ను ఎక్కువున్న మొరం ఎండలో రాయిలా గట్టిపడినా, మొదటి వానకే సబ్బులా జారుతుంది. లోడు దిగకముందే చూసుకునే పద్ధతి ఉంది. గాజు సీసాలో సగం మొరం, మిగతాది నీళ్లు పోసి బాగా గిలకొట్టి, ఒక రాత్రి కదపకుండా ఉంచాలి. అడుగున రాళ్లు, ఇసుక, వాటిపైన మెత్తటి బంక పొర కడతాయి. ఆ బంక మొత్తం మందంలో అయిదో వంతు దాటితే ఆ క్వారీ మొరం వద్దు. పదో వంతు కూడా లేకపోతే పట్టు చాలక వేసవికే చెదిరిపోతుంది. అప్పుడు బంక ఉన్న మొరం కొంత కలపాలి.

దిమ్మిసకు తడి సరిగ్గా కుదరాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి. ఆ ముద్దను వేలితో పొడిస్తే రెండు మూడు ముక్కలుగా విడాలి. అరచేతికి బురద అంటితే నీళ్లెక్కువైనట్టు, పొడిలా రాలితే తక్కువైనట్టు. ఒక్కో పొర వదులుగా 10 సెంటీమీటర్లకు మించకుండా పోసి, టన్ను రోలరును అయిదారు సార్లు తిప్పాలి. రోలరు దొరకని చోట చేతి దిమ్మిస పనికొస్తుంది, కాకపోతే పొర సగానికి తగ్గించాలి. నవంబరు చివర నుంచి జనవరి లోపు ఈ పని చేస్తే నేలలో తడి ఇంకా ఉంటుంది, ట్యాంకర్ల ఖర్చు తగ్గుతుంది.

మొరం దారికి ప్రాణం వాలులో ఉంది. మీటరున్నర వెడల్పులో కొండ వైపు అంచు కన్నా పల్లపు అంచు 6 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. నీటి ట్యూబు, రెండు కర్రలు ఉంటే చాలు, మట్టం చూసేందుకు ఇంజినీరు అక్కర్లేదు. సిమెంటుకు 3 సెంటీమీటర్లు సరిపోతుంది. దారి పొడవునా ఎక్కుడు, కొండవాలులో సగానికి మించకూడదు. మించితే నీరు దారిని అడ్డంగా దాటిపోదు, దారి వెంటే పరుగెత్తి నడిమధ్య కాలువ తవ్వుతుంది. ఎక్కుడు ఉన్నచోట సుమారు ఇరవై మీటర్లకొకసారి దారినే మూడు నాలుగు మీటర్ల మేర కాస్త దించి మళ్లీ లేపాలి. సైకిల్‌కు అది చిన్న ఊపు, నీటికి మాత్రం బయటపడే దారి. అడ్డంగా కట్టే ఇటుక గట్లు ఇలా పనిచేయవు. మొదటి ఏడాదే వాటి వెనక మట్టి నిండి నీరు పైనుంచి దూకుతుంది.

అయినా సిమెంటు తప్పని చోట్లు ఉన్నాయి. పది మీటర్లకు మీటరు కన్నా ఎక్కువ లేచే ఎక్కుడు మీద డస్ట్ నిలవదు. గెడ్డ దాటే చోట తూము వేస్తే ఆకులూ కొమ్మలూ పట్టి మూసుకుపోతుంది. వేయక తప్పకపోతే 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్నది వద్దు, కనీసం 45 అయినా ఉండాలి. దానికన్నా కాజ్‌వే మేలు. గెడ్డ అడుగు మట్టానికే కాంక్రీటు పలక పోసి, దిగువ అంచున 60–75 సెంటీమీటర్ల లోతుకు గోడ దించి, దాని ముందు పెద్ద రాళ్లు పేర్చాలి. ఆ గోడ లేకపోతే నీరు పలక కిందే తవ్వుకుంటుంది. సిమెంటు పోసిన ప్రతిచోటా రెండు, రెండున్నర మీటర్లకొక జాయింటు పెట్టి, పైన చీపురుతో అడ్డంగా గీతలు లాగాలి. సాదా సిమెంటుకు ఏడు రోజులు, పీపీసీ (బూడిద కలిపిన సిమెంటు), స్లాగ్ (ఉక్కు కొలిమి చిట్టెం కలిపినది) రకాలకు పది రోజులు తడి ఆరనివ్వకూడదు. చక్రాల కుర్చీ రావాల్సిన చోట ఎక్కుడు 12కి 1 దాటకూడదు.

మొరానికి ఇంకో శత్రువు ట్రాక్టరు. దారి మొదట్లో 1.4 మీటర్ల ఎడంతో రెండు స్తంభాలు పాతితే సైకిలూ చక్రాల కుర్చీ పడతాయి, ట్రాక్టరు పట్టదు. కానీ ఆ దారి పక్క రైతులకు ఉడుపులకూ కోతలకూ బండి వెళ్లాలి. స్తంభాల్లో ఒకటి తాళంతో ఊడదీసేలా పెట్టి, తాళంచెవి ఆ రైతుల్లోనే ఒకరికి ఇవ్వండి. వాళ్లను అడగకుండా పాతిన స్తంభం మొదటి ఉడుపులకే మాయమవుతుంది, న్యాయంగా చూస్తే తప్పు వాళ్లది కాదు.

కాగితాల పని ఏ రకానికైనా ఒకటే, కానీ లోడు తోలకముందే అయిపోవాలి. ఆర్.ఐ. (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) ఆఫీసులో ఆ భూమి కిసం, అంటే రికార్డుల్లో అది ఏ రకమో చూసుకోండి. రాస్తా అని ఉంటే సులువు, గోచర్ అయితే పశువుల మేత భూమి. అడవి భూమి అయితే 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) కింద గ్రామసభ సిఫారసుతో, హెక్టారు లోపు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా రోడ్ల వంటివాటికి వీలుంది. కిలోమీటరు దారికి పట్టేది 0.15 హెక్టారే. అయితే ఆ వెసులుబాటు ప్రభుత్వం నిర్వహించే సౌకర్యాలకే కాబట్టి, దరఖాస్తు ట్రస్టు పేరున కాకుండా పంచాయతీతో పెట్టించాలి. ఒడిశాలో మొరం, ఇసుక లఘు ఖనిజాలు. వై ఫారం (వాటిని తరలించే అనుమతి పత్రం) లేని ట్రాక్టరు లోడు తీసుకోవద్దు, పట్టుబడితే ఊరి పనే ఆగుతుంది.

కాబట్టి కిలోమీటరులో తొమ్మిది వందల మీటర్లు మొరం, డస్ట్. గెడ్డల దగ్గరా నిట్టనిలువు ఎక్కుళ్ల దగ్గరా కలిపి వంద మీటర్లు సిమెంటు. గెడ్డల దగ్గరి గోడలు కాక, పలకలకు 120 బస్తాలు చాలు. మొదటి విడతలోనే ఆరు లోడ్ల డస్ట్ అదనంగా తెప్పించి, మెరక మీద మూడుచోట్ల కుప్పలు పోయించండి. వానలు మొదలైన రెండు వారాలకు ఒకసారి, అక్టోబరు తుపాన్లు వెళ్లాక ఇంకోసారి దారి మొత్తం నడిచి చూసి, నీరు నిలిచిన చోటల్లా ఆ కుప్పల నుంచే తెచ్చి నింపాలి.