సొరంగంలో సొరచేప

దసరా సెలవులకు నర్సంపేటలో అత్తగారింటికి పోతూ ఒక రాత్రి హనుమకొండలో ఆగాం. వేయి స్తంభాల గుడి, భద్రకాళి గుడి, కోట ఒక్క రోజులో సాఫీగా అయిపోయాయి. లాడ్జి 1,400, గది శుభ్రంగానే ఉంది, పొద్దున వేడినీళ్లు కూడా వచ్చాయి. నా కడుపుమంటంతా సాయంత్రం మావాడి కంట్లో పడ్డ ఫ్లెక్సీ గురించి.

ఫ్లెక్సీ నిండా నోరు తెరిచిన సొరచేప. కింద ‘సముద్ర గర్భంలో నడవండి’ అని రాసి ఉంది. ఎగ్జిబిషన్‌లో నీళ్ల సొరంగం పెట్టారట. టికెట్ 150, మూడేళ్లు దాటితే పిల్లలకూ అంతే. మమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చిన మా బావమరిదితో కలిపి నలుగురం, 600. కారు పార్కింగ్ 40, రసీదు లేదు.

లోపలికి పోయే చోట ఇంకో బోర్డు. ‘సముద్ర సంరక్షణలో ఈ ఏడాది మా విజయాలు’. చదివితే తిరిగిన ఊళ్ల పేర్లు, వచ్చిన జనం లెక్క, లక్షల మంది పిల్లలకు అవగాహన. ఆ బోర్డు కాళ్ల దగ్గరే ప్లాస్టిక్ గ్లాసుల కుప్ప.

నాకు ఒళ్లు మండడానికి కారణం ఉంది. రెండేళ్ల కింద ఆఫీసు పని మీద కాలిఫోర్నియా పోయినప్పుడు మాంటెరీ బే అక్వేరియం చూశాను. అక్కడా టికెట్ 60 డాలర్ల పైనే, ఇచ్చేటప్పుడు ప్రాణం ఉసూరుమంది. పాత సార్డీన్ చేపల ఫ్యాక్టరీ ఉన్న చోట 1984లో తెరిచారు. దొరికినన్ని చేపలు పట్టీ పట్టీ చివరికి చేపల్లేక మూతబడ్డ ఫ్యాక్టరీల వీధి అది. 28 అడుగుల ఎత్తు తొట్టిలో సముద్రపు నాచు అడవిలా ఊగుతుంటే గంటసేపు కదల్లేకపోయాను. వాళ్లు గొప్పగా చెప్పుకునేది నీటికుక్కల గురించి. తల్లి లేని పిల్లలను అక్కడున్న ఆడ నీటికుక్కలకు అప్పగించి పెంచి, మళ్లీ నీళ్లలో వదులుతారు. 2002 నుంచి 2016 దాకా అలా వదిలినవి 37. దగ్గర్లోని ఎల్క్‌హార్న్ స్లూ అనే ఉప్పునీటి పాయలో ఆ జంతువులు పెరగడానికి సగానికి పైగా ఇవీ, వీటి పిల్లలే కారణమని 2019లో లెక్క తేల్చారు. విజయాలంటే నేను అట్లాంటివి చూసొచ్చినవాణ్ని.

ఇక సొరంగం. నలభై నిమిషాలు లైన్లో నిలబడితే నాలుగు నిమిషాల నడక. నెత్తి మీదుగా బూడిదరంగు చేపలు గుంపుగా పోతున్నాయి. మావాడు ‘షార్క్! షార్క్!’ అని ఎగిరాడు. బావమరిది అద్దానికి మొహం ఆనించి చూసి, ‘ఏంది బావా, గిది పంగస్ గాదె? మా దగ్గర కిలో నూటనలభై’ అన్నాడు. వాళ్లది చేపలు పట్టే ఇల్లు, ఆయన చెప్తే తిరుగు లేదు. పిల్లగా ఉన్నప్పుడు వీపు మీద రెక్క చూసి అక్వేరియం షాపులవాళ్లు పంగస్‌ని షార్క్ అని అమ్ముతారు. అది మెకాంగ్ నది చేప, ఉప్పునీళ్ల సొరచేపకు చుట్టం కూడా కాదు. ఎర్ర చెవుల మంచినీళ్ల తాబేలు ఒకటుంది, దానికేమో ‘సముద్ర తాబేలు’ అని చీటీ.

నిజం చెప్పాలంటే అరపైమా మాత్రం బాగుంది. అమెజాన్ చేప, మనిషంత పొడవు. మెల్లగా పైకొచ్చి గుటక వేసినట్టు గాలి మింగి, ఎర్రటి తోక చూపిస్తూ కిందికి పోయింది. దాని పేరు అదేనని రాసి పెట్టినా 150 ఇచ్చేవాణ్నే. సముద్రం 200 కిలోమీటర్లకు పైనే ఉన్న ఊరికి అన్నేసి ఉప్పునీళ్లు తేవడం ఎంత కష్టమో నాకూ తెలుసు.

మేనేజర్ను అడిగితే ఫోన్లోంచి తలెత్తకుండా, ‘అందరూ షార్కే అంటారు సార్, మీకొక్కరికే వచ్చిందా ప్రాబ్లం?’ అన్నాడు. మా ఆవిడ చెయ్యి పట్టి లాక్కొచ్చింది, అప్పటికే ఆమె మూడ్ పోయింది.

బయట స్టాల్లో కవర్లలో చేపపిల్లలు, ఒక్కోటి 50. గాజుకు అతుక్కుని దాన్ని నాకుతుండే నల్లచేప కావాలన్నాడు మావాడు. నేను పర్సు తీశాను. బావమరిది కవరు లాక్కుని తిరిగి బల్ల మీద పెట్టేశాడు. ‘గిది దెయ్యం చేప. రేపు పెద్దగైతది, మీరు తీస్కపోయి చెర్ల ఇడుస్తరు. దాని ముండ్లకు మా వలలు చినుగుతయి’ అన్నాడు. ఆ మనిషికి అంత కోపం రావడం ఎప్పుడూ చూడలేదు. పిల్లవాడు కారెక్కేదాకా ఏడుపు.

మర్నాడు పాఖాల. కాకతీయుల చెరువు, నిండుగా ఉంది, కోతులు తప్ప బాధ లేదు. మధ్యాహ్నం అత్తగారు చింతపండు చిక్కగా పోసి కొర్రమట్ట పులుసు పెట్టింది, మావాడు ముల్లు తీయించుకుని మూడుసార్లు కలుపుకున్నాడు. మీరు పిల్లలతో అటు వస్తే ఆ 600 చెరువు దగ్గరే ఖర్చు పెట్టండి. సొరంగానికే పోవాలంటే ఆదివారం వద్దు, గుమ్మంలో ఫోటో అసలే దిగొద్దు. అడక్కుండా తీసి 200 గుంజుతారు. మేం గుంజించుకున్నాం.

ఆ ఫోటో అత్తగారికి చూపించాం. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి అడిగింది: ‘పంగస్ కింద నిలవడి ఫోటో ఎందుకు దిగిండ్రు బిడ్డా?’