పెద్దకర్మకు పటం: పాత ఫొటో పెద్దది చేసిన స్టూడియో పని ఎలా ఉందంటే

నాయనమ్మది ఇంట్లో మిగిలింది ఒక్కటే, పాస్‌పోర్టు సైజు బ్లాక్ అండ్ వైట్ ఫొటో. దాన్నుంచి 12×15 అంగుళాల పటం కట్టి ఇచ్చింది ఊళ్లోని ఒక స్టూడియో. స్కానింగుకు పూర్తి మార్కులు. ముఖం రెండోసారికి గానీ కుదరలేదు. ఫ్రేము పని అంతంతే.

ఫొటోను సెల్‌ఫోనుతో తీయకుండా స్కానరు మీద 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కల చొప్పున) పెట్టారు. అదే సరైన పద్ధతి. 3.5 × 4.5 సెంటీమీటర్ల ఫొటోకు 600 డీపీఐలో వెడల్పు 830 పిక్సెళ్లు కూడా రావు. 12 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 70 లోపే, ముఖం మసకబారుతుంది. 1200లో రెట్టింపు వస్తాయి, దూరం నుంచి చూసే గోడ పటానికి సరిపోతుంది. నెగటివ్ దొరికితే ఇంకా మేలు. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే కుదించేస్తుంది.

అసలు కష్టం ముఖం దగ్గరే. మొదటి ప్రూఫు (ప్రింటుకు ముందు చూపించే నమూనా) ఏఐ యాప్‌లో చేసి తెచ్చారు. నున్నటి చర్మం, తళతళలాడే కళ్లు, ఎవరో నలభై ఏళ్ల ఆవిడ! ఎడమ చెంప మీది పుట్టుమచ్చను మరక అనుకుని తుడిచేసింది. రెండు ముక్కుపుడకల్లో ఒకటి మాయం. చెవికమ్మ కరిగిన మైనంలా అయిపోయింది. యాప్‌కు ఆ మనిషి తెలియదు కదా, వేరే ముఖాల్లో చూసినదాంతో ఖాళీలు పూరిస్తుంది. అందుకే గీతలు, బూజు మరకలు మాత్రం చేత్తో తీయమని, ముడతలు, మచ్చ, పెదవి వంపు ముట్టుకోవద్దని ముందే చెప్పాలి. ప్రూఫును నాయనమ్మ తోబుట్టువులకు చూపించి, వాళ్లు సరే అన్నాకే ప్రింటుకు పంపాలి. రెండో ప్రూఫులో మచ్చ తన చోటికి వచ్చింది. చూడగానే నాయనమ్మే.

ఫ్రేములో ప్రింటును అద్దానికి ఆనించి బిగించారు. ఇది పెద్ద తప్పు. వానాకాలపు చెమ్మకు ప్రింటు మీది పూత మెత్తబడి అద్దానికి అంటుకుంటుంది, తర్వాత విడదీయబోతే ముఖమే ఊడివస్తుంది. అడిగితే చుట్టూ మౌంటు బోర్డు (మందపాటి అట్ట) పెట్టి, అద్దానికీ ప్రింటుకూ మధ్య ఖాళీ వచ్చేలా సరిచేశారు. ఇప్పటికే అంటుకుపోయిన పాత పటాలు ఇంట్లో ఉంటే ఊడదీయకండి, అద్దంతోనే స్కాన్ చేయించండి.

పటాలు ఎక్కువగా పాడయ్యేది దండ నీళ్లతో. తడిపూల నీళ్లు అద్దం మీదుగా జారి అడుగు పట్టీలో దిగితే చెక్కపొట్టు ఫ్రేము ఉబ్బుతుంది, కింది అంచు నుంచి ప్రింటుకు బూజు ఎక్కుతుంది. దండను బాగా దులిపి, పటానికి అటూ ఇటూ గోడకు కొట్టిన మేకులకు వేయండి, సాయంత్రానికి తీసేయండి. గంధం, కుంకుమ అద్దం మధ్యలోనే పెట్టండి, అంచులకు తడి తగలకూడదు. దక్షిణపు గోడకే పెట్టే ఇళ్లలో అది వానకు తడిసే బయటి గోడైతే, పటం వెనక నాలుగు మూలలా బిరడా ముక్కలు అంటిస్తే గాలి ఆడుతుంది.

స్కాన్ ఫైలు అడక్కపోతే ఇవ్వరు. టిఫ్ (వివరాలు పోకుండా దాచే ఫైలు రకం) రూపంలో పెన్‌డ్రైవ్‌లో వేయించుకోండి.