మట్టి లేని మిద్దెతోటకు రెండు సీసాల పోషక ద్రావణం: నాలుగు నెలల వాడకం తర్వాత

మా మిద్దె మీద పీవీసీ గొట్టాల్లో, మట్టి లేకుండా, లెట్యూస్, పాలకూర, తోటకూర పెంచుతున్నాను. 36 మొక్కలకు కలిపి 40 లీటర్ల తొట్టి ఒకటి, అందులో చిన్న పంపు ఉన్నాయి. నాలుగు నెలలుగా వీటికి ఆన్‌లైన్‌లో కొన్న ‘ఎ’, ‘బి’ సీసాల జతనే వాడుతున్నాను. ఇదే తరహా జతలు బజారులో చాలా దొరుకుతాయి కాబట్టి, కంపెనీ పేరు కన్నా లేబుల్ మీద ఏం చూసి కొనాలో చెప్పడమే ఎక్కువ ఉపయోగమని అనుకుంటున్నాను.

మందులో నాకు వంక కనిపించలేదు. ‘ఎ’ సీసాలో కాల్షియం నైట్రేట్‌తో పాటు చీలేట్ రూపంలోని, అంటే నీటిలో కరిగి ఉండేలా పట్టి ఉంచే పదార్థంతో జతకట్టిన ఇనుము ఉంటుంది, అందుకే అది పలుచని డికాక్షన్ రంగులో కనిపిస్తుంది. ‘బి’లో ఫాస్ఫేట్, పొటాష్, మెగ్నీషియం సల్ఫేట్, మిగిలిన సూక్ష్మపోషకాలు ఉంటాయి. ఈ చిక్కటి ద్రావణాలు నేరుగా కలిస్తే కాల్షియం అటు ఫాస్ఫేట్‌తోను, ఇటు సల్ఫేట్‌తోను కూడి తెల్లని మడ్డిగా అడుగుకు చేరుతుంది, దాన్ని వేళ్లు తీసుకోలేవు. ఒకసారి గాజు గ్లాసులో రెండేసి చెంచాలు కలిపి చూస్తే, చూస్తుండగానే బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడింది. తొట్టి నిండా నీళ్లు పోసి, ‘ఎ’ వేసి బాగా కలియబెట్టిన తర్వాతే ‘బి’ వేయాలి. లీటరు నీటికి ఒక్కోటి 2.5 మి.లీ. అన్నారు కాబట్టి నా తొట్టికి 100 మి.లీ. చొప్పున పడుతుంది, లీటరు సీసాల జత 400 లీటర్లకు వస్తుంది. ఇంటి వాడకానికి ఇది గిట్టుబాటే.

ఇబ్బందంతా లేబుల్‌తోనే. ఆకుకూరలకు ‘800 పీపీఎం’ (నీటిలో కరిగిన లవణాల కొలత) ఉంచాలని రాశారు కానీ, ఏ స్కేలు మీదనో రాయలేదు. మీటరు నిజంగా కొలిచేది ద్రావణం ఈసీని, అంటే విద్యుద్వాహకతను. దాన్ని కొన్ని మీటర్లు 500తో, కొన్ని 700తో గుణించి పీపీఎంగా చూపిస్తాయి. 800 అనే అంకె మొదటి లెక్కలో 1.6 ఈసీ అవుతుంది, రెండో లెక్కలో 1.14 మాత్రమే. లెట్యూస్‌కు సాధారణంగా చెప్పే 0.8–1.2 హద్దులో రెండోది ఇముడుతుంది, మొదటిది దాటిపోతుంది. పాలకూరకైతే 1.8 నుంచి 2.3 దాకా కావాలి గనుక, ఆకుకూరలన్నింటినీ ఒకే గాటన కట్టడమే సరికాదు.

అంతకంటే పెద్ద లోటు, నీటి గురించి ఒక్క మాటైనా లేకపోవడం. మా బోరు నీళ్లకు మందు కలపకముందే ఈసీ 0.9 ఉంది. లేబుల్ కొలత ప్రకారం పోస్తే 2.4కు చేరింది, లెట్యూస్ అంచులు మాడాయి. పైగా ఆ నీటిలోని బైకార్బనేట్లు పీహెచ్‌ను, అంటే ఆమ్ల, క్షార గుణాల కొలతను పైకి లాగుతాయి, మొక్కలు నైట్రేట్‌ను పీల్చుకునే కొద్దీ అది ఇంకా పెరుగుతుంది. తొమ్మిదో రోజు కొలిస్తే 7.4 ఉంది. ఆ రోజే తోటకూర చిగురాకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి, వల అల్లినట్టు కనిపించాయి. నత్రజని లోపమైతే ముందు ముదురాకులు పాలిపోతాయి. ఇక్కడ ముదురాకులు నిక్షేపంగా ఉన్నాయి కాబట్టి ఇది ఇనుపధాతు లోపమే. మందులో ఇనుము ఉండి కూడా మొక్కకు అందలేదు, ఎందుకంటే ఈడీటీఏ రకం చీలేట్ పీహెచ్ సుమారు 6.5 దాటితే ఇనుమును సరిగా పట్టి ఉంచలేదు, డీటీపీఏ రకం అయితే దాదాపు 7.5 వరకు నిలుస్తుంది. కంపెనీకి రాసి అడిగితే తాము వాడేది ఈడీటీఏ అని రెండు రోజుల్లో మర్యాదగానే జవాబిచ్చారు. ఆ ఒక్క ముక్క సీసా మీద ఉండి ఉంటే ఆ విడత పంట దెబ్బతినేది కాదని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇప్పుడు మూడు వంతులు ఆర్‌ఓ నీళ్లు, ఒక వంతు బోరు నీళ్లు కలిపి, చెప్పిన కొలతలో సగం మందుతో మొదలుపెడుతున్నాను. ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని కొద్దికొద్దిగా వేస్తూ పీహెచ్‌ను 6 దగ్గర నిలుపుతున్నాను. పాలకూరను వేరే టబ్బులోకి మార్చాను. పది రోజుల్లో తోటకూరకు వచ్చిన కొత్త ఆకులు నిండు పచ్చగా ఉన్నాయి. పదిహేను రోజులకోసారి తీసేసే పాత ద్రావణాన్ని పారబోయకుండా మల్లె, కరివేపాకు కుండీలకు పోస్తున్నాను.

ఈసీ, పీహెచ్ మీటర్లు రెండూ ఉన్నవారు ఈ జతను నిశ్చింతగా కొనవచ్చు. బోరు నీళ్లే గతి అయినవారు మాత్రం ఇనుము డీటీపీఏ రూపంలో ఉందని స్పష్టంగా రాసిన జతనే వెతుక్కోవాలి. నా వరకు ఐదింటికి మూడున్నర. నీటి వివరం, చీలేట్ పేరు, ఈసీ అంకె లేబుల్ మీద తెలుగులో అచ్చు వేసిన రోజున ఇంకొకటి కలుపుతాను.