ఓస్టరైష్, ఆస్ట్రియా: ఒకే దేశం, రెండు పేర్లు

మనం ఆస్ట్రియా అంటాం. ఆ దేశపువాళ్లు మాత్రం తమ జర్మన్‌లో ఓస్టరైష్ అంటారు.

ఈ రెండింటిలో ముందుగా కాగితం మీద కనిపించేది జర్మన్ పేరే. క్రీ.శ. 996లో మూడో ఒట్టో చక్రవర్తి ఇప్పటి ఆస్ట్రియాలోని నోయ్‌హోఫెన్ దగ్గరి భూమిని బవేరియా (నేటి దక్షిణ జర్మనీ ప్రాంతం)లోని ఫ్రైజింగ్ బిషప్‌కు దానమిచ్చాడు. జనం ‘ఓస్టారిఖి’ అని పిలిచే ప్రాంతంలోని భూమి అని ఆ దానపత్రంలో రాశారు. ‘ఓస్టార్’ అంటే తూర్పు, ‘రిఖి’ అంటే ఏలుబడిలోని నేల. బవేరియా వైపు నుంచి చూస్తే అది తూర్పు సీమే మరి. ఈ పత్రం లెక్కతోనే 1996లో దేశమంతా వెయ్యేళ్ల పండుగ చేసుకున్నారు.

ఆస్ట్రియా అనే లాటిన్ రూపం 12వ శతాబ్దంలో వచ్చింది. చిక్కంతా దీనితోనే. లాటిన్‌లో ‘ఆస్టర్’ అంటే దక్షిణపు గాలి. ఆస్ట్రేలియా పేరు పుట్టింది దాన్నుంచే. ఆస్ట్రియా మాత్రం జర్మానిక్ (జర్మన్ పుట్టిన భాషా కుటుంబం) ‘తూర్పు’కి లాటిన్ చొక్కా తొడిగిన మాట. ఇలా తూర్పు దేశానికి దక్షిణపు పోలిక వచ్చిపడింది. ‘ఆస్ట్రియాలో కంగారూలు లేవు’ అని రాసిన టీషర్టులు అక్కడ అమ్ముతారంటే ఊరికే కాదు!

ఆ పాత ‘రిఖి’యే నేటి ‘రైష్’. ‘రైష్’ అనగానే కొందరు హిట్లర్ ‘థర్డ్ రైష్’ గుర్తొచ్చి టెన్షన్ పడతారు. అక్కర్లేదు, జర్మన్‌లో ఫ్రాన్స్‌ను ఇప్పటికీ ఫ్రాంక్‌రైష్ అనే అంటారు.

పలకడానికి ఆస్ట్రియానే తేలిక. అర్థం కోసమైతే నా ఓటు ఓస్టరైష్‌కే. ఆ ‘ఓస్ట్’కీ మన ‘ఉషస్సు’కీ మూలధాతువు ఒకటే.