పోస్ట్‌గ్రెస్ 18: సబ్‌టోటల్ వరుసలు మింగే ఆప్టిమైజర్ ఎట్టకేలకు దారికొచ్చింది

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 18వ వెర్షన్‌లో వచ్చిన అసింక్రనస్ ఐఓ (డిస్క్ చదివేదాకా ఆగకుండా పని సాగించే పద్ధతి) గురించి అందరూ రాసేశారు, దాని జోలికి పోను. నాకు ఈ వెర్షన్‌తో పనల్లా గ్రూపింగ్ సెట్స్ దగ్గరే, అంటే ఒకే క్వెరీలో వేర్వేరు కాలమ్‌ల ప్రకారం మొత్తాలు తీసే సదుపాయం దగ్గర. 2016 జనవరిలో 9.5తో వచ్చినప్పటి నుంచి బ్రాంచి వారీ రిపోర్టులన్నీ వీటి మీదే నడుస్తున్నాయి. నాలుగు క్వెరీలు రాసి యూనియన్ ఆల్‌తో అతికించే తలనొప్పి అప్పుడే పోయింది. అయితే రోలప్‌ని (సబ్‌టోటల్స్ నుంచి గ్రాండ్ టోటల్ దాకా వరసగా తీసే గ్రూపింగ్ సెట్స్ రూపం) కళ్లు మూసుకుని నమ్మొచ్చని ఇన్నాళ్లూ చెబుతూ వచ్చిన మాటలో కొంత వెనక్కి తీసుకోవాలి. 17 వరకూ కొన్ని క్వెరీలకు జవాబే తప్పు. ఎర్రర్ రాదు, లాగ్‌లో వార్నింగ్ పడదు. రావాల్సిన వరుసలు రావు, అంతే.

రెండు వరుసల టేబుల్ చాలు, పట్టుకోవచ్చు. కాలమ్‌లు బిల్ బ్రాంచి, డెలివరీ బ్రాంచి. విలువలు (1, 1), (2, 2). వేర్‌లో రెండు బ్రాంచిలూ సమానమన్న షరతు పెట్టండి. గ్రూపింగ్ సెట్స్‌లో మొదటి సెట్టు (బిల్, డెలివరీ), రెండోది ఉత్త (బిల్). సెలెక్ట్ పక్కన డిస్టింక్ట్ ఆన్ (బిల్, డెలివరీ), అంటే ఆ రెండు విలువల ఒక్కో జతకి ఒకే వరుస. కాగితం మీద వేసుకుంటే నాలుగు వరుసలు రావాలి: (1, 1), (1, నల్), (2, 2), (2, నల్). 17లో వచ్చేవి రెండే.

ఎందుకంటే, వేర్‌లో సమానం గుర్తు కనబడగానే ప్లానర్ (క్వెరీని ఎలా నడపాలో తేల్చే ఆప్టిమైజర్) ఆ రెండు కాలమ్‌లనూ ఒకే గుంపులో కట్టేస్తుంది. బిల్ ప్రకారం సార్ట్ చేశాక డెలివరీ ప్రకారం మళ్లీ సార్ట్ ఎందుకని రెండో కీని కొట్టేస్తుంది. టేబుల్ నుంచి నేరుగా వచ్చే వరుసలకు ఆ లెక్క సరైనదే. కానీ గ్రూపింగ్ అయ్యాక, రెండో సెట్టులో డెలివరీ నల్ అయిపోతుంది, ఇక బిల్‌కి సమానం కాదు. ఆ సంగతి రాసుకోవడానికి పాత ప్లానర్‌కి చోటే లేదు. సార్టూ, దాని మీద డూప్లికేట్లు తీసేసే యునీక్ దశా బిల్ ఒక్కదాన్నే చూస్తాయి, రెండోసారి 1 కనబడితే డూప్లికేట్ అనుకుని తోసేస్తాయి. ప్లాన్ చూపించే ఎక్స్‌ప్లెయిన్ తీస్తే దొంగ అక్కడే దొరుకుతాడు: సార్ట్ కీ లైనులో ఒకటే కాలమ్. 18లో రెండూ ఉంటాయి. డిస్టింక్ట్ ఆన్ బదులు ఆర్డర్ బై పెడితే వరుసలు పోవు గానీ, సబ్‌టోటల్ అసలు వరుస కంటే పైకి ఎక్కి కూర్చోవచ్చు.

గ్రూపింగ్ అయ్యాక వరుసల్ని వడకట్టే హ్యావింగ్‌ది ఇంకో రకం. రోలప్‌లో "ఎ < బి అండ్ బి < 3" అని ఒక ఎక్స్‌ప్రెషన్ పెట్టి, హ్యావింగ్‌లోనూ అదే రాస్తే, ప్లానర్ హ్యావింగ్‌లోని అండ్‌ని రెండు ముక్కలు చేస్తుంది. ముక్కలు గ్రూపింగ్ కీతో కలవవు కాబట్టి కీ నల్ అయిన వరుసలో కూడా అసలు కాలమ్‌ల నుంచి మళ్లీ లెక్కేస్తుంది, జవాబు తప్పుతుంది.

18లో దీన్ని మూలం నుంచే సరిచేశారు. గ్రూపింగ్ ఫలితానికే ఒక కల్పిత టేబుల్ ఎంట్రీ పెట్టి, సెలెక్ట్‌లోనూ హ్యావింగ్‌లోనూ ఉన్న గ్రూపింగ్ ఎక్స్‌ప్రెషన్లను పార్సర్ దశలోనే దానికి ముడివేశారు. అవుటర్ జాయిన్‌లో నల్ అయ్యే కాలమ్‌లకు 16 నుంచి గుర్తు పెడుతున్నట్టే, వీటికీ పెట్టారు. దీంతో క్వెరీ ట్రీయే మారింది. వ్యూలు (పేరు పెట్టి దాచుకున్న క్వెరీలు) దాచుకునేది ఆ ట్రీనే. అందుకే 17కీ అంతకు ముందువాటికీ మైనర్ అప్‌డేట్లలో ఈ రిపేరు రాలేదు.

గ్రూపింగ్ సెట్స్ ఉన్న క్వెరీల్లో హ్యావింగ్ షరతుల్ని వేర్‌లోకి దించడం కూడా 18లో వచ్చింది. మొదట బాగా మెచ్చుకున్నాను గానీ, అన్ని సెట్లలోనూ ఉన్న కాలమ్ మీది షరతే కిందికి దిగుతుంది. ఉత్త రోలప్‌లో గ్రాండ్ టోటల్ ఖాళీ సెట్టు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి అక్కడ లాభం సున్నా. గ్రూప్ బై బ్రాంచి, రోలప్ (నెల) అని రాస్తే మాత్రం బ్రాంచి షరతు దిగుతుంది.

18కి మారలేనివాళ్లు గ్రూపింగ్‌ని విత్ మెటీరియలైజ్డ్‌లో (ముందే విడిగా లెక్కేసి పెట్టుకునే ఉపక్వెరీలో) పెట్టి, డిస్టింక్ట్ ఆన్, ఆర్డర్ బై బయట రాసుకోవాలి. మెటీరియలైజ్డ్ అన్న మాట 12 నుంచి పనిచేస్తుంది. మారేవాళ్లు ఒకటి చూసుకోండి: 18లో కొత్త క్లస్టర్ తయారుచేసే ఇనిట్‌డీబీ, డేటా చెడిందేమో పట్టే చెక్‌సమ్‌లను ఆన్ చేసి పెడుతుంది. పాత క్లస్టర్‌లో అవి లేకపోతే పీజీ_అప్‌గ్రేడ్ మొరాయిస్తుంది, కొత్తదాన్ని నో-డేటా-చెక్‌సమ్స్ ఆప్షన్‌తో తయారు చేయాలి. ప్లానర్ వాడే స్టాటిస్టిక్స్ ఇప్పుడు వెంట వస్తాయి, క్రియేట్ స్టాటిస్టిక్స్‌తో పెట్టుకున్న ఎక్స్‌టెండెడ్‌వి మాత్రం రావు. వాటికి వాక్యూమ్‌డీబీని అనలైజ్-ఇన్-స్టేజెస్, మిస్సింగ్-స్టాట్స్-ఓన్లీ ఆప్షన్లతో నడపాలి.

సబ్‌టోటల్స్‌తో బిల్లులు తేలే నాలాంటి వాళ్లకు ఈ ఒక్క రిపేరుకే 18 గిట్టుబాటు. మీ వ్యూల్లో మామూలు కాలమ్‌ల రోలప్ తప్ప ఏమీ లేకపోతే, వేర్‌లో గానీ జాయిన్ షరతులో గానీ రెండు కాలమ్‌ల సమానం కూడా లేకపోతే, తొందరేం లేదు. ముందు వ్యూలన్నిటి జాబితా అయిన పీజీ_వ్యూస్‌లో డెఫినిషన్ కాలమ్ మీద రోలప్, క్యూబ్, గ్రూపింగ్ సెట్స్ వెతికి చూడండి. అప్లికేషన్ కోడ్‌లో రాసుకున్న క్వెరీలు అక్కడ కనబడవు, వాటిని విడిగా గ్రెప్ కొట్టాల్సిందే.